తుఫాను పేరంటం

నిన్న మధ్యాహ్నం ఫోను అదోరకంగా అరిచింది. రింగూ కాదు, మెసేజీ కాదు, ఒళ్లు జలదరించే అరుపు. బంగాళాఖాతంలో అల్పపీడనం, తీరం దగ్గరి వాళ్లు జాగ్రత్తగా ఉండాలని కబురు. వంటింట్లో నా ఫోనూ, హాల్లో మావయ్యగారి ఫోనూ ఒక్కసారే అరిచేసరికి అత్తయ్యగారి చేతిలో చేట జారి బియ్యం నేలపాలయ్యాయి. మావయ్యగారు టీవీ సౌండు పెంచారు. నేను గుమ్మంలోకి వెళ్లి గేటు వైపు చూస్తూ నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో కాసేపటికి గాని తెలియలేదు. ఇలాంటి కబురు వచ్చిన కాసేపటికే ఆ గేటు దగ్గరికి వచ్చే మనిషి ఈ వేసవిలో పోయారు. ఆవిడ పోయాక వచ్చిన మొదటి అల్పపీడనం ఇది.

అత్తయ్యగారు బియ్యం ఎత్తుతూ, "ఆవిడుంటే ఈపాటికి..." అని ఆగిపోయారు. 

ఆవిడ ఊరందరికీ దొడ్డమ్మగారు. నేను చూసినవాళ్లలో అంత పిరికి మనిషి ఇంకొకరు లేరు. ఇది నిందగా అనడం లేదు, ఆవిడ ఎదురుగా అన్నా "ఆయ్, మరేనండి, నాకు భయవే" అని ఒప్పేసుకునేవారు. మిక్సీ వేసేటప్పుడు మొహం పక్కకి తిప్పుకుని, చెయ్యి బారెడు చాచి స్విచ్చి నొక్కేవారు. కుక్కరు పొయ్యి మీద పెడితే విజిల్ వచ్చేదాకా పెరట్లోనే ఉండేవారు. పొలాల్లో గ్యాసు గొట్టం పాతినచోట పసుపురంగు బోర్డు కనిపిస్తే చాలు, అల్లంత దూరం నుంచే చుట్టు తిరిగి వెళ్లేవారు. అన్నిటికన్నా ఆవిడకి కొబ్బరికాయ నెత్తిన పడుతుందని భయం. కోనసీమలో పుట్టి, కోనసీమలోనే మెట్టి, కొబ్బరిచెట్టు కింద నిలబడకుండా బతకాలంటే మాటలా! నడిచినంతసేపూ తలెత్తి గెలలు చూసుకుంటూ నడిచేవారు. అలా చూసుకుంటూనే ఒకసారి తోటలో బోదె కాలవలో పడి, నడుం లోతు బురదలో నిలబడి కూడా పైకే చూస్తున్నారట.

మా ఊళ్లో భయపడటం నామోషీ. ముఖ్యంగా తుఫానుకి. ఎవరిని కదిపినా "చూసేం లెండి, ఇలాంటివి బోలెడు" అంటారు. పెద్దవాళ్లు ప్రతి ఒక్కరి దగ్గరా ఒక తుఫాను కథ ఉంటుంది, అవతలివాడి తుఫాను కన్నా తనదే పెద్దదని వాదన కూడా ఉంటుంది. నా పుట్టిల్లు కొత్తపేట దగ్గర. అక్కడ మాకు గోదారి వరదంటే భయమే గాని, నీళ్లు వస్తున్నాయని ముందుగా తెలుస్తుంది, సామాను అటక మీదికి ఎక్కించుకునే వ్యవధి ఉంటుంది. మలికిపురం దాటి, ఈ ఊరికి కోడలిగా వచ్చాకే నాకు సముద్రం అంటే ఏమిటో తెలిసింది. మామూలు రోజుల్లో దాని చప్పుడు ఇంట్లోకి వినపడదు. గాలి మళ్లిన రోజున వినపడుతుంది. వినపడిందంటే నాకు ముద్ద దిగదు. మా ఆయన మస్కట్లో ఉంటారు. చంటిపిల్లతో, పెంకుటింట్లో, ఆ హోరు వింటూ ఉన్న నాకు, ఊళ్లో నాలాగే గజగజలాడే మనిషి ఇంకొకరు ఉన్నారని తెలిసినప్పుడు కలిగిన ఊరట అంతా ఇంతా కాదు.

తుఫాను కబురు రాగానే మండలాఫీసు జీపు వస్తుంది. మైకు కట్టిన ఆటో వస్తుంది. ఆఫీసర్లు ఇంటింటికీ దిగి చెబుతారు.

"పెంకుటిళ్లలో, పాకల్లో ఉన్నవాళ్లంతా షెల్టరుకి వచ్చెయ్యాలమ్మా."

"ఆయ్, వచ్చేస్తావండి."

"ఇప్పుడే బయల్దేరాలి."

"ఆయ్, మరేనండి. ఎండనబడి వచ్చేరు, కాసిన్ని కొబ్బరినీళ్లు పుచ్చుకోండి."

కొత్తగా వచ్చిన ఆఫీసరొకాయన ఊరు ఊరంతా ఇంత మర్యాదగా ఒప్పేసుకుందని మురిసిపోయి, పైవాళ్లకి ఫోను చేసి ఊరు ఖాళీ అయిపోతోందని చెప్పేశాడట. జీపు మలుపు తిరిగిందో లేదో ఊరు ఊరంతా ఇళ్లలోనే ఉంది, పొయ్యిల మీద అన్నాలు ఉడుకుతున్నాయి. ఇంటికొచ్చిన మనిషిని కాదని పంపెయ్యడం మా వాళ్లకి చేతకాదు. ఆ మర్యాదే మా ప్రాణాల మీదికి తెస్తుంది.

ఎందుకు వెళ్లరంటే, షెల్టరుకి వెళ్లడం పరువు తక్కువ. ఇల్లూ వాకిలీ లేనివాళ్లు వెళ్లి పులిహోర పొట్లానికి చెయ్యి చాస్తారని పేరు. మా అత్తయ్యగారైతే, "గవర్నమెంటోళ్లు రమ్మన్నారని ఎల్లిపోయి నేల మీద కూచుంటావా? మనకేం కర్మ?" అనేవారు. ఆవిడ నోటికి ఎదురు చెప్పేవాళ్లు ఆ వీధిలో లేరు.

నేను కాపురానికొచ్చిన కొత్తలో ఒక తుఫాను కబురు వచ్చింది. ఆ రోజు ఆఫీసరు మాట విని నిజంగా షెల్టరుకి వెళ్లినవాళ్లు దొడ్డమ్మగారూ, ఆవిడ భర్తా మాత్రమే. స్తంభాల మీద కట్టిన పెద్ద హాలు. గబ్బిలాల కంపు. ఇనప కిటికీలు గాలికి టపటపా కొట్టుకుంటున్నాయి. ఆయన చాప వేసుకుని పడుకుని గురక తీశారు. ఆ ఖాళీ హాల్లో ఒక్కర్తీ కూర్చోలేక ఈవిడ భయంతో బయటికొచ్చి, ఇంటికి వెళ్లి, కుంకం భరిణె పళ్లెంలో పెట్టుకుని వీధిలోకి బయల్దేరారు. మనుషుల్ని పిలవాలంటే ఆవిడకి తెలిసిన పద్ధతి అదొక్కటే.

మా గేటు తీసుకుని వచ్చి, "వదినగారూ, తుఫానుకి తప్పకుండా షెల్టరుకి రావాలండీ, ఇంటిల్లిపాదీ రావాలి" అంటూ అత్తయ్యగారి నుదుట బొట్టు పెట్టేశారు.

అత్తయ్యగారు తెల్లబోయారు. "ఇదేం పిలుపండీ వదినగారూ, తుఫానుకి పేరంటవా?"

"ఏవో నండి. ఆ హాల్లో నేనొక్కదాన్నీ కూచోలేకపోతన్నాను. ఆయన్ని లేపితే లేవరు. మీరంతా వస్తే నాకు కాస్త ధైర్యంగా ఉంటాది."

ఆఫీసరుకి ఆయ్ అని ఇంట్లో కూర్చోవచ్చు. బొట్టు పెట్టించుకుని వెళ్లకపోతే ఎలా? ఇంటికి అరిష్టం, పైగా పిలిచిన మనిషిని అవమానించినట్టు. అత్తయ్యగారు గొణుక్కుంటూనే చీర మార్చుకుని, ఇంటికి తాళం వేసి బయల్దేరారు. మా వీధి వీధంతా అలాగే వచ్చింది. ఆడవాళ్లు వస్తే పిల్లలొచ్చారు, ఆ వెనకాల, ఇంట్లో అన్నం పెట్టేవాళ్లు లేక, బోలెడు తుఫాన్లు చూసిన వీరులూ వచ్చారు. ఆసారి గాలి దారి తప్పి ఎటో పోయింది. మేం పట్టుచీరలతో కాకపోయినా పేరంటాళ్లలాగే తిరిగొచ్చాం. అప్పటినుంచి అది దొడ్డమ్మగారి పేరంటం అయింది. మగవాళ్లు ఆవిణ్ణి ఆటపట్టించేవారు. "వాయనం ఏం ఇస్తారండీ దొడ్డమ్మగారూ?" అంటే, "పులిహోర పొట్లవండి, అదీ గవర్నమెంటుదే" అని నవ్వేవారు.

ఆవిడకి గాలి గురించి గాని, సముద్రం గురించి గాని ఏమీ తెలియదు. నా ఫోనులో గుండ్రంగా తిరిగే మేఘం బొమ్మ చూసి, "ఇది మన వైపేనా అమ్మాయ్?" అని ప్రతిసారీ అడిగేవారు. ఒకసారి నేను "కాదు దొడ్డమ్మగారూ, ఒరిస్సా వైపు వెళ్తోందట" అంటే, ఊపిరి పీల్చుకుని, వెంటనే మళ్లీ మొహం చిన్నబుచ్చుకున్నారు. "పాపం, అక్కడ పిలిచేవాళ్లున్నారో లేదో" అన్నారు.

కాలవ అవతల పేటలో ఎక్కువమంది క్రైస్తవులు. అక్కడ బొట్టు పనికిరాదని ఆవిడకి తెలుసు. రిటైరైన టీచరమ్మగారి ఇంటి ముందు నిలబడి, "మా వైపు నేను పిలిచేనండి, మీ వైపు తవరు పిలుచుకోండి" అని చెప్పి వచ్చేవారు. టీచరమ్మగారు ఆ పూట ప్రార్థన కూడిక షెల్టర్లోనే అని చెప్పి, బళ్లో హాజరు పిలిచినట్టు ప్రతి ఇంటి దగ్గరా నిలబడి పేరుపేరునా పిలుచుకుని వచ్చేవారు.

ఇలా అంతా బాగా సాగుతుండగా ఒక పొరపాటు జరిగింది. మా ఆడవాళ్లు తప్ప ఇంకెవరూ చెయ్యలేని పొరపాటు.

ఆ రోజు మధ్యాహ్నానికే చీకటి పడినట్టయింది. హాలు నిండిపోయింది. గాలి ఈలగా మొదలై, పోనుపోను లారీ ఒకటి ఆగకుండా మన మీదికే వస్తున్నట్టు అయింది. కిటికీలోంచి చూస్తే కొబ్బరిచెట్ల తలలన్నీ ఒకవైపుకే వాలిపోయి ఉన్నాయి, ఒక్కటీ మళ్లీ లేవడం లేదు. అప్పుడు టీచరమ్మగారు తమ పేటవాళ్లందరినీ చూసుకుని మా వైపు వచ్చి, "కాలవగట్టు మామ్మగారేరండీ? కనపళ్లేదు" అన్నారు.

దొడ్డమ్మగారు లేచి, ఆడవాళ్ల మొహాలన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ హాలంతా తిరిగారు.

మామ్మగారు ఎప్పుడో భర్త పోయిన మనిషి. పిల్లల్లేరు. కాలవగట్టు మీద చిన్న పెంకుటింట్లో ఒక్కర్తీ ఉండేవారు. బొట్టు పెట్టి పిలిచేది ముత్తైదువల్నే కదా! దొడ్డమ్మగారు అలవాటు కొద్దీ ఆ గుమ్మం ముందు ఆగకుండా పక్కింటికి వెళ్లిపోయారు. మామ్మగారు అప్పుడు అరుగు మీదే ఉన్నారట. పళ్లెం రావడం చూసి, శుభమా అని వస్తుంటే తను ఎదురు పడకూడదని లేచి లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నారట.

ఇద్దరు కుర్రాళ్లు వెళ్లబోయి మెట్ల మీంచే వెనక్కి వచ్చేశారు. రేకులు గాలిలో ఎగురుతున్నాయి, అడుగు పెడితే మెడలు తెగుతాయి. ఇక చేసేదేమీ లేదు. గాలి తగ్గేదాకా మేం అందరం, లోపల ఉన్నవాళ్లం, బయట ఉన్న ఒక్క మనిషిని తల్చుకుంటూ కూర్చున్నాం. అలాంటి భయం నేను మళ్లీ ఎరగను. మన ప్రాణానికి భయపడటం ఒకరకం. ఒక ముసలామె తలుపు దగ్గరగా వేసుకుని కూర్చుందని తెలిసి, కదల్లేక కూర్చోవడం ఇంకోరకం. దొడ్డమ్మగారు గోడకి ఆనుకుని, రెండు చేతులతో చెవులు మూసుకుని, "నేను పిలవలేదు, నేను పిలవలేదు" అంటూనే ఉన్నారు. 

గాలి తగ్గాక వెళ్లి చూస్తే గోడ కూలి, మామ్మగారు దాని కింద ఉన్నారు. ప్రాణం ఉంది గాని తుంటి విరిగిపోయింది. మంచం మీద మోసుకొస్తుంటే దొడ్డమ్మగారు ఎదురు పరిగెత్తి కాళ్ల మీద పడ్డారు. మామ్మగారు ఆ బాధలోనే, "నువ్వేం చేస్తావే తల్లీ, నన్నెలా పిలుస్తావు? నేనే తలుపేసుకున్నాను" అన్నారు. ఒక్క నిష్ఠూరం ఆడలేదు. ఆడి ఉంటే బాగుండేదని దొడ్డమ్మగారు నాతో చాలాసార్లు అన్నారు. మామ్మగారు మళ్లీ లేవలేదు, ఆ ఏడాది తిరక్కుండానే పోయారు. పోయేదాకా దొడ్డమ్మగారే రోజూ వెళ్లి అన్నం కలిపి పెట్టారు.

ఆ తర్వాత ఆవిడ పద్ధతి మారింది. కబురు రాగానే ముందు ఉత్తి చేతులతో బయల్దేరేవారు. భర్త పోయిన ఆడవాళ్ల ఇళ్లు ఎక్కడెక్కడున్నాయో అక్కడికి వెళ్లి, చెయ్యి పట్టుకుని లేపి, నడిపించుకుని షెల్టర్లో కూర్చోబెట్టేవారు. అది అయ్యాకే ఇంటికెళ్లి పళ్లెం పట్టుకునేవారు. మా అత్తయ్యగారికి ఇది నచ్చలేదు.

"ఇదేం వరసండీ? బొట్టు పిలుపుకి బయల్దేరుతా ముందు ఆళ్ల మొహాలు చూసొస్తారా?"

"నాకు భయవండీ వదినగారూ. ఆనక అనుకుంటే మళ్లీ మర్చిపోతానేమోనని భయం."

 అప్పటినుంచి ఆవిడ పళ్లెంతో వస్తే, కాళ్లు కడుక్కుని వచ్చారో లేదో అత్తయ్యగారు అడిగేవారు. ఆవిడా "ఆయ్, కడుక్కునే వచ్చేనండి" అనేవారు, కోపం లేకుండా.

కొన్నాళ్లకి దొడ్డమ్మగారి భర్త నిద్రలోనే పోయారు. ఆవిడ వెనకగదిలో మూల కూర్చున్నారు. మేం చూడ్డానికి వెళితే మామూలుగానే మాట్లాడారు గాని, బోసి నుదురు కనపడకుండా పదేపదే చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఎంతో ఇదిగా అనిపించింది నాకు. ఇంకా ఏడాది నిండి ఏడూడి పెట్టడం కూడా అవలేదు, ఆ కార్తీకంలో తుఫాను కబురు వచ్చింది.

జీపు వచ్చింది. ఆటో వచ్చింది. ఇంటింటా "ఆయ్" అన్నారు. ఎవరూ కదల్లేదు. నేను ఒక పక్క బట్టలు సంచీలో కుక్కుతూనే, "వెళ్దాం అత్తయ్యగారూ" అన్నాను.

"పిలవడానికెవరొచ్చేరని?"

"నేను పిలుస్తాను."

"ఇంట్లోదానివి నన్ను నువ్వు పిలిచేదేంటి? బానే ఉంది."

మావయ్యగారికి అంతకు కొద్దికాలం ముందే కాకినాడలో గుండెకి స్టెంటు వేశారు. వసారాలో కుర్చీలో కూర్చుని మబ్బుల్ని చూస్తున్నారు. నేనే పళ్లెం పట్టుకుని వీధిలో ఇళ్లకి వెళ్లాను. ఎన్నేళ్లయినా వాళ్లకి నేను నిన్నగాక మొన్న వచ్చిన కోడలినే, నా పిలుపు ఎవరికి లెక్క? అందరూ నవ్వుతూ బొట్టు పెట్టించుకున్నారు, "ఆయ్, మీ అత్తయ్యగారు బయల్దేరితే మేవూ వస్తావమ్మా" అన్నారు. ఇంటికి తిరిగొచ్చేసరికి కరెంటు పోయింది. సముద్రం వినపడటం మొదలైంది. నా కూతురు నా కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. నాకూ ఏడవాలనే ఉంది.

అప్పుడు వచ్చారు ఆవిడ. వీధి మధ్యలోంచి, వానలో, పళ్లేనికి కొంగు అడ్డం పెట్టుకుని, బోసి నుదురుతో. తలెత్తి కొబ్బరిగెలల వైపు కూడా చూడటం లేదు. ముందు మా ఎదురింటి ముందు ఆగారు. ఆ ఇంట్లో చిన్న వయసు అమ్మాయి, నెలల పిల్లతో ఉంది. ఆమె మొగుడూ గల్ఫులోనే. కిటికీలోంచి ఈవిణ్ణి చూసి ఆ అమ్మాయి గభాల్న తలుపేసి గడియ పెట్టుకుంది. భర్త పోయిన మనిషి కుంకం పట్టుకుని గుమ్మంలోకి వస్తే ఏం జరుగుతుందని చిన్నప్పటినుంచీ చెప్పారో అదే ఆమెకి తెలుసు. ఆమెని ఏమనగలను? నేనూ ఒక అడుగు వెనక్కి వేశాను.

దొడ్డమ్మగారు ఇటు తిరిగి మా గేటు దగ్గరికి వచ్చారు. లోపలికి రాలేదు. 

"వదినగారూ, నేను పెట్టకూడదు, తెలుసండి. భరిణె ఇక్కడ గోడ మీద పెట్టేసి దూరంగా నిలబడతాను. మీ బొట్టు మీరే పెట్టుకోండి. కాని రండి. తవరు కదలకపోతే వీధిలో ఎవరూ కదలరు. ఎదురింట్లో చంటిపిల్లుందండి. నాకు చాలా భయంగా ఉందండి వదినగారూ."

అత్తయ్యగారు వసారాలోంచి కదల్లేదు. మావయ్యగారి వైపు చూశారు. ఆయన అరచెయ్యి గుండె మీద వేసుకుని, పిల్లనీ, నన్నూ చూసి తల దించుకున్నారు. దొడ్డమ్మగారు భరిణె మూత తీసి గోడ మీద పెట్టబోతే గాలికి కుంకం లేచి ఆవిడ చీర మీదా, చేతుల మీదా పడింది. అయ్యో అంటూ రెండు అరచేతులూ అడ్డం పెట్టారు.

అత్తయ్యగారు మెట్లు దిగి, వానలో తడుస్తూ గేటు దాకా వెళ్లారు. వెళ్లి ఆవిడ ఎదురుగా నిలబడి తల వంచారు.

"పెట్టండి."

"వద్దండి వదినగారూ, మీరే..."

"ఉన్నది కూడా గాలికి పోతంది. పెట్టండంటున్నాను కదా!"

దొడ్డమ్మగారు పెట్టారు. వేలు వణికి అది కనుబొమ్మల మధ్యన కుదరక, ఒక కనుబొమ్మ మీదికి గీతలా సాగింది. అత్తయ్యగారు దాన్ని సర్దుకోలేదు. ఆవిడ చెయ్యి పట్టుకుని తిన్నగా ఎదురింటికి వెళ్లి తలుపు బాదారు.

"ఒసే అమ్మాయ్, తలుపు తియ్! నా మొహం చూడు. నేను పెట్టించుకున్నాను. పిల్లనెత్తుకుని బయటికి రా!"

తలుపు తెరుచుకుంది. ఆ అమ్మాయి బొట్టు పెట్టించుకోలేదు, అత్తయ్యగారు పెట్టించుకోమని అననూ లేదు. పిల్లని దొడ్డమ్మగారి చేతికిచ్చి, సంచీ తెచ్చుకోవడానికి లోపలికి పరిగెత్తింది. ఆ వెనక ఒక్కొక్క ఇంటి తలుపూ తీశారు. గాలి ముదిరేసరికి వీధి మొత్తం షెల్టర్లో ఉంది.

హాల్లో దొడ్డమ్మగారు ఎప్పట్లాగే గోడకి ఆనుకుని చెవులు మూసుకుని కూర్చున్నారు, ప్రతి ఉరుముకీ ఉలిక్కిపడుతున్నారు. మావయ్యగారు బట్టల సంచీ తల కింద పెట్టుకుని కునుకు తీశారు. అత్తయ్యగారు ఆయన పక్కనే కూర్చుని, కన్నార్పకుండా ఆయన ఛాతీ లేచి పడటమే చూస్తున్నారు. అలా చాలాసేపు చూసి, నన్ను దగ్గరికి లాక్కుని, ఇంకెవరికీ వినపడకుండా చెవిలో అన్నారు.

"రేపు మీ మావయ్యగారికేవన్నా అయితే ఆవిణ్ణి ఒక్క మాట అనకు. మీ ఆయన్నీ అననివ్వకు. పెట్టించుకున్నది నేను."